దెబ్బలు తినే ఉద్యోగం

తల మీద ఒకటి, కుడి భుజం మీద ఒకటి, డొక్కలో ఒకటి తిన్నాక వెండెల్ ముఖానికున్న ఇనుప జాలీ ముసుగు పైకి నెట్టి, నోరు బార్లా తెరిచి ఆవలించాడు. ఎదురుగా సేబర్ కత్తి పట్టుకుని నిలబడ్డ సిలార్డ్‌కి ఆ ఆవలింత చూసి నవ్వాగలేదు. వెండెల్‌కి కావాల్సింది అదే. పోటీ ఉన్న రోజు పొద్దున్నే కుర్రాడి భుజాలు బిగుసుకుని చెవుల దాకా వచ్చేస్తాయి. ఒక్కసారి నవ్విస్తే చాలు, వాటంతటవే దిగుతాయి.

"నువ్వు కొడుతుంటే నిద్రొస్తోందిరా. మా ఆవిడ వీపు రుద్దినట్టుంది," అన్నాడు.

"ఉండు బాబాయ్, లేపుతా."

సిలార్డ్ ముందుకురికి, తల మీద కొడతానన్నట్టు కత్తెత్తి, ఆఖరి క్షణంలో మణికట్టు తిప్పి డొక్కలోకి అడ్డంగా వేటు వేశాడు. చూడ్డానికి అంత ముచ్చటైన వేటు ఆ దేశంలోనే ఇంకొకటి లేదు. ధబ్‌మని చప్పుడైంది. వెండెల్ ఎడమ చెయ్యి డొక్క మీద పెట్టుకుని, రోజూ అనే మాటే అన్నాడు.

"తగిలింది."

వెండెల్ ఉద్యోగం అదే. దెబ్బలు తినడం, తగిలిందని ఒప్పుకోవడం. బుడాపెస్టులో నది పక్కనున్న కత్తిసాము శాలలో ఓడన్ మాస్టారు పాఠం చెబుతుంటే, శిష్యుల ఎదురుగా నిలబడి కొట్టించుకోవడానికి ఒక మనిషి కావాలి. కర్రబొమ్మను పెడితే అది కదలదు. సాటి శిష్యుణ్ని పెడితే వాడు తిరిగి కొడతాడు. కదులుతూ, తిరిగి కొట్టకుండా, మొహం మాడ్చుకోకుండా నిలబడే మనిషి దొరకడం కష్టం. నిజానికి వెండెల్ సోఫాల్లో గుర్రపు వెంట్రుకలు కూరే పనివాడు. యుద్ధానికి చాలా ముందు శాలలో చిరిగిన పరుపులు కుట్టడానికి వచ్చాడు. ఆ రోజు కొట్టించుకునే మనిషి పన్నునొప్పని రాలేదు. ఏవయ్యా, కాసేపు ఇలా నిలబడతావా అని మాస్టారు అడిగారు. ఆ కాసేపు ఇంకా అవలేదు.

ఇప్పుడు అతనికి అరవై దాటాయి. పొట్టి మనిషి, ఊరగాయ జాడీ లాంటి ఒళ్లు. తనే గుర్రపు వెంట్రుకలు కూరి కుట్టుకున్న మెత్తకోట్లు ఒకదాని మీద ఒకటి రెండు తొడుక్కున్నాక పొడుగూ వెడల్పూ ఒకటే అవుతాయి. ఆ ముక్కు ఒకప్పుడు నిటారుగా ఉండేదనడానికి భార్య ఎటెల్కా ఒక్కతే సాక్ష్యం. కుడి ముంజేతి చర్మం ఏ కాలంలో చూసినా నేరేడుపండు రంగులోనే ఉంటుంది. మెట్లెక్కుతుంటే మోకాళ్లు నూనె పెట్టని తలుపుల్లా మూలుగుతాయి. దేశానికి పతకాలు తెచ్చిన చేతులు ఎన్నో ఈ డొక్కల మీదే అక్షరాలు దిద్దుకున్నాయి. వెండెల్ మాత్రం ఒక్క పోటీలోనూ దిగలేదు, ఎవర్నీ ఒక్క దెబ్బ కొట్టలేదు. కొట్టడం అతని పని కాదు.

ఇవాళ్టితో కొట్టించుకునే పని కూడా అయిపోతుంది. మోకాళ్లు ఇక మావల్ల కాదన్నాయి. ఎటెల్కా ముందే సామాను సర్దుకుని, బలతోన్ సరస్సు ఒడ్డున ఉన్న వాళ్లన్న ద్రాక్షతోటకి వెళ్లి కూర్చుంది. సాయంత్రం రైలుకి వెండెల్ కూడా వెళ్లాలి. అసలు వేసవి మొదట్లోనే వెళ్లాల్సిన మాట. కానీ ప్రపంచ విద్యార్థుల క్రీడలు ఆ ఏడు బుడాపెస్టులో పెట్టారు. మగవాళ్ల సేబర్ పోటీకి పశువైద్యం చదివే సిలార్డ్ దిగుతున్నాడు. చిన్నప్పుడు శాలకొచ్చినప్పుడు వాడు ఎముకల గూడు. పిల్లల్లేని వెండెల్ ఇంట్లో ఆదివారం కోడిపులుసు వండితే మెడా కాళ్లూ మొగుడూ పెళ్లాలు పంచుకుని, మంచి ముక్కలన్నీ వాడి కంచంలో వేసేవాళ్లు. వాడు బంగారు పతకం కొట్టడం చూసి వస్తానని వెండెల్ భార్యకి చెప్పాడు. కొట్టకపోతేనో అని ఆవిడ అడిగింది. కొట్టకపోవడం అనేదొకటి ఉంటుందని అప్పటిదాకా వెండెల్ బుర్రకి తట్టలేదు.

పోటీలు మొదలవడానికి ఇంకా కాస్త టైముంది. క్రీడాభవనం నడవలో మల్విన్ బఫే, అంటే చిరుతిళ్ల కౌంటరు, నడుపుతోంది. శాలలోనూ ఆవిడదే బఫే, ఇక్కడా ఆవిడదే. పందికొవ్వు పూసిన రొట్టె మీద ఉల్లిపాయ చక్రాలు పేర్చి, పైన ఎర్ర మిరపపొడి చల్లి ఇస్తుంది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. మొగుడు పోయాక నవ్వడం మానేసిందని అందరూ అంటారు గానీ అది నిజం కాదు, నవ్వును లోపల దాచుకుంటుంది, అంతే. వెండెల్ పిల్లిలా కౌంటరు వెనక్కి చేరి, ఆవిడ ఏప్రన్ తాడును బల్లకాలికి ముడేసి, వచ్చి బుద్ధిమంతుడిలా వరసలో నిలబడ్డాడు. ఆవిడ సోడా సీసా కోసం రెండడుగులు వేసి టక్కున ఆగిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"మరిదీ, వచ్చి విప్పు."

"విప్పితే నాకేంటి వదినా?"

"ఉల్లిపాయ రెండు చక్రాలెక్కువేస్తా. విప్పకపోతే ఈ కత్తి చూశావుగా. ఇది మీ శాల కత్తిలా మొద్దుది కాదు."

వెండెల్ విప్పాడు. రొట్టె అందిస్తూ ఆవిడ, రేపట్నించి ఎవరి తాడు కడతావు, ద్రాక్షతీగలకా అని అడిగింది.

"తీగలు తిట్టవు వదినా. అదే దిగులు," అన్నాడు వెండెల్, నోటినిండా రొట్టెతో. మల్విన్ ఇంకెవరికో రొట్టె కోయాలన్నట్టు అటు తిరిగిపోయింది.

పొద్దుటి పోటీలు గుంపుల్లో జరుగుతాయి. ఒక్కో గుంపులో మొదటి ఇద్దరూ మధ్యాహ్నం పోటీలకి వెళ్తారు. సేబర్‌లోకి ఇంకా కరెంటు రాలేదు. మిగతా రెండు రకాల కత్తులకీ తీగలు కట్టి, దెబ్బ పడితే దీపం వెలిగే ఏర్పాటు చేశారు గానీ సేబర్‌ది ఇంకా కంటిచూపు వ్యవహారమే. బరికి నాలుగు మూలలా నలుగురు జడ్జీలు నిలబడి, ఒక్కో ఆటగాడి ఒంటిని ఇద్దరిద్దరు కనిపెట్టి, దెబ్బ పడిందనుకుంటే చెయ్యెత్తుతారు. మధ్యలో నిలబడ్డ పెద్దాయన అందర్నీ అడిగి తీర్పు చెబుతాడు. ముందు అయిదు దెబ్బలు కొట్టినవాడు నెగ్గినట్టు.

వెండెల్ బరి చుట్టూ ఉన్న కటకటాల పక్కన, గుమ్మడి గింజలు నముల్తున్న ఒక లావుపాటాయన పక్కన చోటు చూసుకున్నాడు. మొదటి ఇద్దర్నీ సిలార్డ్ తలమీద మొత్తి సులువుగానే పంపేశాడు. మూడోవాడు పోలండ్ కుర్రాడు, విటోల్డ్. ఎర్రజుట్టు, దొడ్డికాళ్లు, ముసుగు తీస్తే చాలు ఎవరో జోకు చెప్పినట్టు నవ్వుమొహం. వాడి మీద సిలార్డ్ తన ముచ్చటైన వేటు బయటికి తీశాడు. తల మీదికి కత్తెత్తి, మణికట్టు తిప్పి, డొక్కలోకి. వేసి, ఆగి, చేతులు లేస్తాయని నాలుగు మూలలకీ చూశాడు. విటోల్డ్ ఒంటిని కనిపెడుతున్న ఫ్రాన్సు ఆయన, ఈజిప్టు ఆయన బస్సు కోసం నిలబడ్డవాళ్లలా నిలబడే ఉన్నారు. ఈ లోపల విటోల్డ్ సిలార్డ్ తలమీద ఒకటిచ్చాడు. మిగతా ఇద్దరు జడ్జీల చేతులూ లేచాయి.

మళ్లీ అదే వేటు. మళ్లీ ఆగడం, చూడడం. మళ్లీ తలమీద ఒకటి. జనం ఈలలు వేశారు. ఓడన్ మాస్టారు టోపీ తీసి మోకాలికేసి కొట్టుకున్నారు.

"అవి కళ్లా, కోటు బొత్తాలా?" అన్నారు, జడ్జీలకి వినపడేలా.

మూడోసారి సిలార్డ్ అదే వేటు వేసినప్పుడు కటకటాల దగ్గర ధబ్‌మని చప్పుడైంది. గుమ్మడి గింజలాయన ఉలిక్కిపడి వెండెల్ వైపు తిరిగి, కడుపులో ఏమన్నా తేడా చేసిందా అని అడిగాడు. వెండెల్ కిందికి చూసుకున్నాడు. తన ఎడమ చెయ్యి తన డొక్క మీద ఉంది. దాన్ని అక్కడ ఎవరు పెట్టారన్నట్టు చూశాడు. అప్పుడు అతనికి అర్థమైంది.

ఆ చప్పుడు తనదే. ఎప్పుడూ తనదే. యుద్ధం అయిపోయిన కొత్తలో శాలకొచ్చే పిల్లలకి తిండి లేక చేతుల్లో బలం ఉండేది కాదు. వేటు వేలెడంత దూరంలో ఆగిపోయేది. మాస్టారికి చూపు సన్నగిల్లి, పాఠం అంతా చెవుల్తోనే చెప్పేవారు. చప్పుడైతే వేటు పడినట్టు. వెండెల్ ఒకరోజు సరదాకి ఎడమ చేత్తో తన మెత్తకోటు మీద తనే చరుచుకుని తగిలిందన్నాడు. మాస్టారు భేష్ అన్నారు. కొట్టిన పిల్లాడి మొహం మధ్యాహ్నం కిటికీలా వెలిగింది. ఆ వెలుగు మరిగాడు వెండెల్. మిగతావాళ్లు కండపట్టాక వేరే వేట్లు నేర్చుకున్నారు. సిలార్డ్ మాత్రం ఆ ఒక్క వేటునే పట్టుకుని, దానికి నగిషీలు చెక్కుకుంటూ పెరిగాడు. వేలెడు దూరం మటుకు అలాగే ఉండిపోయింది. వెండెల్ చరుస్తూనే ఉన్నాడు. తర్వాత్తర్వాత చెయ్యి దానంతటదే చరిచేది.

మరి దేశంలో జరిగిన ఇన్ని పోటీలు వాడెలా నెగ్గాడు? ఆలోచిస్తే అదీ తెలిసిపోయింది. ఆ పోటీల జడ్జీలంతా ఆ శాలలో, ఆ డొక్క మీద నేర్చుకున్నవాళ్లే. సిలార్డ్ మణికట్టు అలా తిరగ్గానే ఆ తిరుగుడు సొగసుకే వాళ్ల చేతులు లేచేవి. ఈ పరదేశీయులకి సొగసుతో పనిలేదు. ఉక్కుముక్క గుడ్డని తాకిందా లేదా అని చూస్తున్నారు. ఎంత మొరటు మనుషులు అనుకోబోయి వెండెల్ సిగ్గుపడ్డాడు.

విటోల్డ్ నెగ్గాడు. సిలార్డ్ రెండోవాడిగా ఎలాగో గట్టెక్కాడు. మధ్యాహ్నం పోటీల్లో తలవేట్లతోనే నెట్టుకొచ్చి, సాయంత్రానికి ఆఖరి పోటీలో నిలబడ్డాడు. అవతలి పక్క మళ్లీ ఆ ఎర్రజుట్టే.

వెండెల్ ఇక ఆగలేక మాస్టారి దగ్గరికి వెళ్లి, తప్పు జడ్జీలది కాదండీ, వేటు తగలడం లేదు, ఇన్నాళ్లూ ఆ చప్పుడు నేనే చేస్తున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పాడు. మాస్టారు జడ్జీల మీద ఫిర్యాదు చెయ్యడానికి బయల్దేరుతున్నారు. టోపీ పెట్టుకోబోయి, అందులో చెయ్యిపెట్టి తడిమి చూసుకున్నారు. పోయిన ఏడాది వెండెల్ దాంట్లో కోడిగుడ్డు పెట్టాడు. మాస్టారి పెళ్లిరోజున శాల నిండా చావుకబురు మోసుకొచ్చేవాళ్లలా నల్లబట్టల్లో శిష్యుల్ని నిలబెట్టాడు. ఇంకా చాలా చేశాడు. ఇప్పుడు ఒక్క నిజం చెబితే దాన్ని పెట్టుకోవడానికి మాస్టారి దగ్గర చోటే లేదు.

"వెండెల్, నీ ఆఖరి రోజని ఊరుకుంటున్నా. వేళాకోళానికి వేళ ఉంటుంది," అన్నారు. "ఫైనల్ ముందర వాడి చెయ్యి కదిలించావంటే ఉన్న ధైర్యం కూడా పోతుంది. రోజూ కొట్టించుకున్నట్టు కొట్టించుకుని పంపు."

రోజూలా కొట్టించుకుంటే వాడు ఓడిపోతాడు. నిజం చెబితే వాడు విరిగిపోవచ్చు. ఒళ్లు వేడెక్కించుకునే పక్కగదిలోకి వెళ్తూ వెండెల్ జీవితంలో మొదటిసారి, చెప్పడానికి ఒక్క జోకు కూడా తట్టక తల గోక్కున్నాడు. చివరికి ఎడమ చెయ్యి ప్యాంటు బెల్టులోకి దోపేసుకుని, ముసుగు దించుకుని, కుడి చేత్తో పాఠాలప్పుడు పట్టుకునే కత్తి పట్టుకుని సిలార్డ్ ఎదురుగా నిలబడ్డాడు.

సిలార్డ్ వేటు వేశాడు. చప్పుడు రాలేదు.

"తగల్లేదు," అన్నాడు వెండెల్.

సిలార్డ్ పకపకా నవ్వాడు. బాగుంది బాబాయ్ అని మళ్లీ వేశాడు. తగల్లేదన్నాడు వెండెల్. మూడోసారి కాస్త విసురుగా వేశాడు. అదే మాట. కుర్రాడు ముసుగెత్తాడు.

"చాల్లే బాబాయ్. ఇవాళ కూడానా?"

"తగల్లేదురా."

"పొద్దున తగిలిందిగా మరి?"

"పొద్దునా తగల్లేదు."

సిలార్డ్ కత్తిని గోడకి ఆనించాడు. "మరి చప్పుడు?"

వెండెల్ బెల్టులోంచి చెయ్యి బయటికి తీసి, తన డొక్క మీద తనే చరుచుకున్నాడు. ధబ్. ఆ చిన్న గదిలో అది ఫిరంగిలా మోగింది. సిలార్డ్ బెంచీ మీద కూలబడిపోయాడు. గోడకి ఆనించిన కత్తి జారి గణగణమంటూ నేలంతా దొర్లింది. దాన్ని ఇద్దరూ తియ్యలేదు.

"నవ్వులాటకి చేశావా ఇదంతా?" అన్నాడు చివరికి.

"కాదు. తగిలిందంటే నువ్వు నవ్వేవాడివి. అందుకని."

బయట హాల్లో జనం సర్దుకుంటున్న చప్పుడు. సిలార్డ్ మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. వాడి భుజాలు మళ్లీ చెవుల దాకా ఎక్కేశాయి. నవ్వించడం ఇప్పుడు తన వల్ల కాదని వెండెల్‌కి తెలుసు. ఏం చెయ్యాలో తోచక, కింద పడ్డ కత్తి తీసి వాడి ఒళ్లో పడేసి, తన కత్తితో వాడి తలమీద ఠంగుమని ఒక్కటిచ్చాడు. ముసుగు ఇంకా నుదుటి మీదే ఉంది కాబట్టి సరిపోయింది.

సిలార్డ్ అదిరిపడి తలెత్తాడు. "తగిలింది," అన్నాడు, పోటీల్లో అలవాటైన నోటితో.

వెండెల్ తన మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అందులో ఏదో తియ్యటి జలదరింపు.

"భలే బాగుందిరా ఇది. ఇన్నాళ్లూ నాకు ఒక్కడూ చెప్పలేదేంటి?"

సిలార్డ్ నవ్వకూడదని పళ్లు బిగించాడు. మొహమంతా బిగించాడు. ముక్కులోంచి తన్నుకొచ్చింది నవ్వు. ఆ తర్వాత ఇద్దరూ గోడకి ఆనుకుని, కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వారు. భుజాలు దిగాయి. ఇక పని.

చెయ్యి జోలికి వెళ్లొద్దు, ఆ చెయ్యి బంగారం, కాలు ఇంకో అరడుగు ముందు పడాలంతే అన్నాడు వెండెల్. సిలార్డ్ వేశాడు. తగల్లేదు. కాలు ఇంకా ముందుకేశాడు. మెత్తకోటు అంచుని రాసుకుపోయిందేమో, వెండెల్‌కే తెలియలేదు. ఆ గుర్రపు వెంట్రుకల్లోంచి ఏదీ తెలిసి చావదు. అప్పుడతను పై కోటు విప్పాడు. లోపలి కోటూ విప్పాడు. ఎటెల్కా మాసికలు వేసిన పల్చటి చొక్కాతో, ఊరగాయ జాడీ మీంచి గుడ్డ తీసేసినట్టు నిలబడ్డాడు.

"పిచ్చా బాబాయ్ నీకు?"

"ఇప్పుడు నేను అబద్ధమాడినా ఒళ్లు ఆడదు. రా."

సిలార్డ్ రావడానికి జంకాడు. వెండెల్ వాడి చదువునీ, వాడి పొడుగు ముక్కునీ, వాడు వైద్యం చెయ్యబోయే గొర్రెల భవిష్యత్తునీ వరసబెట్టి వెక్కిరించాడు. గొర్రెల దగ్గరికొచ్చేసరికి వాడికి ఒళ్లు మండింది. ముందుకురికాడు. కత్తి పైకి లేచింది, మణికట్టు తిరిగింది, కాలు అరడుగు ముందు పడింది. చట్‌మని సన్నటి చప్పుడు. అది మెత్తకోటు చప్పుడు కాదు, చేతి చప్పుడూ కాదు. వెండెల్ రెండుగా మడతపడి నేల మీద కూర్చున్నాడు.

"తగిలిందా?" అన్నాడు సిలార్డ్ కంగారుగా వంగి.

"నోరు పెగలకపోవడం కనపట్టంలేదూ?"

చొక్కా ఎత్తి చూసుకుంటే పక్కటెముకల మీద ఎర్రటి వాత, కొత్తగా గీసిన రోడ్డులా నిటారుగా ఉంది. ఎన్నో ఏళ్లుగా ఆ వేటు పడ్డదని చెప్పిన చోటు అదే. వెండెల్ దాన్ని వేలితో తాకి చూసి, చీదుకుని, ఇంకోటి వెయ్యమన్నాడు. పిలుపొచ్చేదాకా వేయించుకున్నాడు.

ఆఖరి పోటీకి హాలు కిక్కిరిసిపోయింది. వెండెల్ మళ్లీ గుమ్మడి గింజలాయన పక్కకే చేరాడు. ఈసారి ఎడమ చెయ్యి కదలకుండా కటకటాన్ని గట్టిగా పట్టుకున్నాడు. కదిలించినా ఆ పక్క నొప్పికి అది లేచేలా లేదు. సిలార్డ్ మొదటి రెండు వేట్లూ తలమీదే వేశాడు, రెండూ పడ్డాయి. విటోల్డ్ ఒకటి చేతి మీద, ఒకటి భుజం మీద తిరిగిచ్చాడు. వెండెల్ చూస్తున్నది దెబ్బల్ని కాదు. కుర్రాడు వేటు వేశాక ఆగి జడ్జీల వైపు చూస్తున్నాడా లేదా అని. చూడ్డం లేదు. పొరపాటున కూడా చూడ్డం లేదు. దెబ్బ పడిందో లేదో ఇప్పుడు వాడి కాలికే తెలుస్తోంది.

నాలుగూ నాలుగు. హాల్లో గాలి ఆగిపోయింది. గింజలాయన నమలడం మానేశాడు. ఓడన్ మాస్టారు టోపీతో సగం మొహం కప్పుకున్నారు. విటోల్డ్ మీదికొచ్చాడు. సిలార్డ్ ఒక అడుగు వెనక్కి జారి, వాడి కత్తి గాల్లో పోనిచ్చి, కత్తెత్తాడు. విటోల్డ్ తల కాచుకున్నాడు. మణికట్టు తిరిగింది. కాలు, అరడుగు.

ఆ చట్‌మన్న చప్పుడు జనంలో ఎవరికీ వినపడి ఉండదు. వెండెల్‌కి తన ఎముకల్లో వినపడింది.

ఫ్రాన్సు ఆయన చెయ్యెత్తాడు. ఈజిప్టు ఆయన ఎత్తలేదు. మధ్యలో పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, విటోల్డ్ వీపు అడ్డమొచ్చి తనకి కనపడలేదన్నాడు. కనపడని దెబ్బకి లెక్కలేదు. ఆట మళ్లీ మొదలుపెట్టమని చెయ్యూపబోయాడు. ఈలలు మొదలయ్యాయి. సిలార్డ్ మాత్రం తన గీత దగ్గరికి నడిచి వెళ్తున్నాడు, ఇంకోటి కొడదాంలే అన్నట్టు.

విటోల్డ్ కదల్లేదు. ముసుగు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎర్రజుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. పెద్దాయన వైపు తిరిగి, తన పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి, వాళ్ల భాషలో ఒక్క మాట అన్నాడు. పోలిష్ ముక్కరాని ఆ హాలంతటికీ ఆ మాట అర్థమైంది.

పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంత గోల. గింజలాయన ఎవరో ఏమిటో చూసుకోకుండా వెండెల్‌ని రెండు చేతులా వాటేసుకుని గాల్లోకి ఎత్తాడు. సరిగ్గా ఆ వాత మీదే పట్టుకున్నాడు. వెండెల్ కెవ్వుమన్నాడు. సంతోషం పట్టలేక అరుస్తున్నాడనుకుని ఆయన ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

తర్వాత కత్తులు భద్రపరిచే గదిలో అందరూ చేరారు. మల్విన్ పళ్లెం నిండా రొట్టెలు తెచ్చింది. తెల్ల ద్రాక్షసారాయిలో సోడా కలిపి గ్లాసులు నింపారు. విటోల్డ్‌ని కూడా భుజాలు పట్టుకుని లాక్కొచ్చారు. వాడు ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరికంటే ముందే నవ్వుతున్నాడు. సిలార్డ్ మెడలో పతకం ఉంది. దాన్ని తీసి విటోల్డ్‌కి ఒకసారి వేసి, మల్విన్‌కి ఒకసారి వేసి, మళ్లీ తను వేసుకున్నాడు. వెండెల్‌కి వెయ్యబోతే అతను చటుక్కున వంగి తప్పించుకున్నాడు. కొట్టించుకునేవాణ్నిరా, తప్పించుకోవడం కూడా వచ్చని ఇవాళే తెలిసింది అన్నాడు.

మాస్టారు గ్లాసు పట్టుకుని వెండెల్ పక్కనొచ్చి కూర్చున్నారు. వాడి కాలు మారింది, నేను చూడకపోయినా నాకు వినపడింది, ఏం చేశావయ్యా వాడికి అని మెల్లగా అడిగారు.

"కొట్టా మాస్టారూ. నెత్తి మీద."

గదంతా గొల్లుమంది. నువ్వు కొట్టడమేంటని మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఈసారి కూడా ఎవరూ నమ్మలేదు. సిలార్డ్ ఒక్కడే నవ్వకుండా, గ్లాసు అంచు మీదుగా వెండెల్ వైపు చూశాడు. వెండెల్ వాడికి కన్ను గీటాడు.

పాటలు మొదలయ్యాయి. మాస్టారు రాగం తప్పుతుంటే విటోల్డ్ పోలిష్‌లో అందుకుంటున్నాడు. వెండెల్ తన గ్లాసుని అంచుదాకా నింపుకుని, రొట్టెలు చుట్టొచ్చిన కాగితం ముక్క ఒకటి తీసుకుని, బల్ల చివర కాసేపు ఏదో కెలుక్కుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత చేతులు కడుక్కొస్తానని లేచాడు. తలుపు పక్క కొక్కేనికున్న గుడ్డసంచి భుజాన వేసుకున్నాడు. నడవలో ఎవరూ లేరు. మెట్లు దిగుతుంటే మోకాళ్లు మూలిగాయి. బయట ఇంకా ఎండ పోలేదు, ట్రామ్ పట్టాలు బంగారు తీగల్లా మెరుస్తున్నాయి. ట్రామ్ కుదుపు కుదుపుకీ పక్కటెముకల్లో కలుక్కుమంటోంది. కలుక్కుమన్నప్పుడల్లా వెండెల్ తనలో తను నవ్వుకుంటున్నాడు. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దావిడ, ఒంట్లో బాగుందా నాయనా అని అడిగింది. ఇంత బాగా ఎప్పుడూ లేదమ్మా అన్నాడు. రాత్రికి ఎటెల్కా చొక్కా ఎత్తి చూసి, పోయే పోయేముందు కూడా ఇదేం పని అని తిడుతుంది. తిట్టనీ. తీగలు తిట్టకపోయినా ఆవిడ ఉందిగా.

గదిలో అతను లేడని ముందు కనిపెట్టింది మల్విన్. ఇంత సేపు చేతులు కడిగే మనిషి కాదే అని కొక్కెం వైపు చూసింది. కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలోకి చూసింది. మలుపులో ట్రామ్ వెనక భాగం కనపడి మాయమైంది. పరిగెత్తితే స్టేషన్లో దొరుకుతాడు, పదండి అని సిలార్డ్ లేచాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని ఆపి, బల్ల చివరికి చూపించింది.

అక్కడ వెండెల్ గ్లాసు బోర్లించి ఉంది. ఖాళీది కాదు. అంచుదాకా నింపి, కాగితంతో మూసి, తలకిందులు చేసి, కాగితం లాగేసి పెట్టిన గ్లాసు. చుక్క కారలేదు. ఎవరు ఎత్తితే వాళ్ల ఒళ్లు తడిసిపోవడం ఖాయం. మాస్టారు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. సిలార్డ్ వంగి, గడ్డం బల్లకానించి దానిలోకి చూశాడు. పాటలు ఆగిపోయాయి, పళ్లేలు తీసేశారు, అందరూ ఒక్కొక్కరే టోపీలు పెట్టుకున్నారు గానీ ఆ గ్లాసు జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. కిటికీలోంచి వస్తున్న ఆఖరి ఎండలో అది నిండుగా, తలకిందులుగా నిలబడి ఉంది. లోపల సోడా బుడగలు ఒక్కొక్కటే లేచి, పైకొచ్చిన గాజు అడుగుకి వెళ్లి ఆగుతున్నాయి.